చదివింపుల ఉంగరం

నా ఎడమ చేతికి ఒక రాళ్ల ఉంగరం ఉంటది. కొత్తగా చూసినోళ్లు వజ్రాలా అని అడుగుతరు. కాదు, గిల్టుది. లోపల ఇత్తడి, పైన బంగారు పూత, నడుమ ఒక పెద్ద అమెరికన్ డైమండ్, దాని చుట్టూ ఎనిమిది చిన్నవి. అడగకముందే చెప్పుడు నాకు అలవాటైంది. ఆ అలవాటు ఎట్లొచ్చిందో కూడా ఇందులోనే చెప్తా.

ముందు పేర్ల సంగతి. మా అమ్మ వీటిని గిల్టు నగలనేది. మా సోలాపూర్‌లో మరాఠీ వాళ్లు బెంటెక్స్ అంటరు. తమిళనాడు దిక్కు ఉన్న మనోళ్లు కవరింగ్ అంటరు. మా పక్కింటి కోడలిది బందరు దిక్కు, ఆమె రోల్డుగోల్డు అంటది. బందరు పక్కన చిలకలపూడి ఈ నగలకే పేరు పడ్డ ఊరు. ఇప్పుడు దుకాణాలల్ల వన్ గ్రామ్ గోల్డ్ అని బోర్డు పెడుతున్నరు. వన్ గ్రామ్ అంటే ఆ ఉంగరంలో గ్రాము బంగారం ఉందని కాదు. గ్రాము బంగారం ధర ఎంతుందో, ఆ ఉంగరం ధర ఎంతుందో పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తది. ఉండేది పొర మాత్రమే. పేరు ఏదైనా సరుకు ఒక్క తీరుదే.

రాయి పేరు కూడా అంతే. అమెరికన్ డైమండ్ అంటే అమెరికా నుంచి వచ్చింది కాదు, డైమండూ కాదు. జిర్కోనియం అనే లోహం బూడిదను కొలిమిలో రెండు వేల ఏడు వందల డిగ్రీల వేడి దాటించి కరిగించి, చల్లార్చి, సాన పడతరు. దీన్ని పెద్ద ఎత్తున చేసే పద్ధతి 1970లలో రష్యా శాస్త్రజ్ఞులు తెచ్చిండ్రట. ఇది మా మనవడు చదివి చెప్పిండు. రష్యా వాళ్లు చేస్తే అమెరికా పేరు ఎట్ల పడ్డదిరా అంటే వానికీ తెల్వదు.

ఇక నా ఉంగరం కథ.

మా ఆయన మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో పని చేసేవారు. 1990ల నడుమ మిల్లు మూతపడ్డది. రావాల్సిన పైసలు ఎప్పుడొస్తయో చెప్పేటోడు లేడు. నేను టవల్ కారఖానాలో కండెలు చుడుతుంటిని, రాత్రి ఇంట్ల బీడీలు చేస్తుంటిని. మా నాయిన అల్లునికి పెట్టిన అర తులం ఉంగరం అప్పటికే కుదువకు పోయి, వడ్డీ కట్టలేక మునిగింది. దాని ఎర్ర డబ్బా మాత్రం ఇంట్ల మిగిలింది.

ఆ ఏడే మా ఆడిబిడ్డ బిడ్డ పెండ్లి. మేనమామ ఉత్త చేతులతో ఎట్ల పోతడు? సంక్రాంతికి సిద్ధేశ్వర జాతర వచ్చింది. గడ్డలో గాజుల దుకాణం దగ్గర ఈ ఉంగరం చూసిన. అరవై రూపాయలు. బల్బు కింద పెడితే కండ్లు జిగేలుమన్నయి. కొన్నం. ఇంటికి వచ్చి ఆ ఎర్ర డబ్బాలో పెట్టిన. డబ్బా మీద సరాఫు దుకాణం పేరు బంగారు అక్షరాలతో ఉన్నది. నేను చేసిన తప్పు ఆ డబ్బానే. కాయితంల చుట్టి ఇచ్చి, "బిడ్డా, మా తాకత్ ఇంతే" అంటే అయిపోయేది.

పెండ్లిల చదివింపులు రాసేటాయన డబ్బా తెరిచి చూసి, మైకుల గట్టిగ చదివిండు: "మేనమామ చదివింపు, బంగారపుటుంగరం ఒకటి!" చప్పట్లు కొట్టిండ్రు. మా ఆయన నా దిక్కు చూసిండ్రు, నేను కింద చాప దిక్కు చూసిన. మేము బంగారమని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

మూడేండ్లకు మా మేనకోడలు కొడుకుకు నిమోనియా వచ్చి దవాఖానాల పెట్టిండ్రు. పైసలకు ఉంగరం తీసుకొని అత్తతోటి సరాఫు దగ్గరికి పోయింది. ఆయన గీటురాయి మీద మొదటిసారి మెల్లగ గీస్తే పచ్చగనే పడ్డదట. రెండోసారి ఒత్తి గీసి, మీద ఆసిడ్ చుక్క వేస్తే గీత మొత్తం పోయింది. లోపలి అంచు మీద ఆకురాయితో చిన్న గీటు పెట్టి చూపించిండట. ఎర్ర ఇత్తడి. అత్త పక్కనే నిలబడ్డది. మీ పుట్టింటోళ్లు ఇట్లాంటోళ్లా అని ఆమె ఎన్ని రోజులు అన్నదో నేను అడగలేదు, మేనకోడలు చెప్పలేదు. పిల్లగాడు బతికిండు. అత్త చెవుల కమ్మలు పెట్టి తెచ్చిండ్రట.

బతుకమ్మకు వచ్చినప్పుడు ఉంగరం నా చేతిల పెట్టింది. కోపం కూడా చేయలేదు. "అత్తమ్మా, ముందే చెప్తే నేను ఆ దుకాణానికి పోకపోదును కదా. ఇంకెక్కడన్న అడుగుదును. పొద్దంతా దానికే పోయింది" అన్నది. బంగారం పెట్టలేదని అనలేదు, పొద్దు పోయిందని అన్నది. దవాఖానాల పిల్లగాన్ని పెట్టుకున్న తల్లికి ఒక పొద్దంటే ఎంతో పిల్లలున్నోళ్లకు చెప్పే పని లేదు.

భిషీ ఎత్తి, రెండు గ్రాముల బంగారు ఉంగరం కొని ఆమెకు ఇచ్చేసరికి మాకు ఆరేండ్లు పట్టింది. రసీదుతో సహా ఇచ్చినం. "ఇది మీరే ఉంచుకోండి" అని గిల్టుది నాకే వదిలింది. అప్పటి నుంచి ఇది నా వేలికి ఉన్నది. దీన్ని కొని ముప్పై ఏండ్లకు దగ్గర పడుతున్నది. గిల్టు ఉంగరం అన్నేండ్లు ఎట్ల ఆగుతది అని మా చాళ్‌లో ఆడోళ్లు అడుగుతరు. ఊరికె ఆగలేదు. రెండుసార్లు పూత పోయిస్తిని, ఒకసారి చిన్న రాయి మార్పిస్తిని. మిగిలింది చూసుకునే తీరుల ఉన్నది.

కొనేటప్పుడు మనం పై మెరుపు చూస్తం. దుకాణంల ఉన్న బల్బులకు గాజు పెంకు కూడా మెరుస్తది. ఉంగరాన్ని గడప బయటికి తెచ్చి ఎండ నీడల చూడాలె. తర్వాత తిప్పి వెనక దిక్కు చూడాలె. రాయి కింద తెరిచి ఉండి వెలుతురు దూరుతుంటే మంచిది. వెనక అద్దానికి పూసినట్టు వెండి రంగు రేకు అతికించి ఉంటే అది మామూలు గాజు రాయి అయ్యే మోపు ఎక్కువ. లోపలికి నీళ్లు పోయిన్నాడు ఆ రేకు నల్లబడి, రాయి గుడ్డిదైతది. గాజుకు ఇంకో తిప్పలు ఉన్నది. మన దుమ్ముల ఇసుక రేణువులుంటయి, ఇసుక గాజుకంటె గట్టిది. తుడిచినప్పుడల్లా గీతలు పడుతయి. అమెరికన్ డైమండ్ ఇసుకకంటె గట్టిది. వజ్రం గట్టిదనం పది అని లెక్క పెడితే ఇది ఎనిమిది, ఎనిమిదిన్నర. ఇసుక ఏడు. గాజు ఐదు, ఆరు నడుమ. అందుకే నా ఉంగరం పూత రెండుసార్లు పోయినా పెద్ద రాయి ఇంకా అట్లనే ఉన్నది.

రాయిని గమ్ముతోటి అతికించిండ్రా, గోళ్లతోటి పట్టించిండ్రా అని చూడాలె. గోళ్లు అంటే రాయి చుట్టూ పైకి వంగి పట్టుకునే సన్న తీగలు. గమ్ము సబ్బు నీళ్లకు, వేడికి వదులుతది. గోళ్లు ఉంటే ఒక పరీక్ష ఉన్నది, ఇది నేను కండెల దగ్గర నేర్చుకున్నది. నూలు పోగు ఒకటి తీసుకొని ఉంగరం మీద అన్ని దిక్కుల నుంచి మెల్లగ లాగండి. పోగు ఎక్కడన్న తట్టుకుంటే ఆ గోరు లేచి ఉన్నట్టు. అది రేపు చీర కొంగు పట్టుకుంటది, ఎల్లుండి రాయి రాలిపోతది. దుకాణపామె నవ్వినా సరే, నేను కొంగుకు ఒక పోగు ముడేసుకొనే పోత.

నూలు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాస్త. సాంచె దగ్గర, మిషిన్ దగ్గర ఉంగరం పెట్టుకోవద్దు. బంగారుదైనా గిల్టుదైనా. మా కారఖానాలో ఒకామె ఉంగరం తిరిగే దానికి తట్టుకొని వేలి తోలు మొత్తం ఊడి వచ్చింది. ఆ కేక నాకు ఇంకా వినపడుతది. ఇప్పుడు పని చేసే కోడండ్లు, బిడ్డలు ఇది చదివితే ఉంగరం డబ్బాల పెట్టి పనికి పోండి.

లోపలి లోహం ఏందని అడగాలె. ఇత్తడి, రాగి అయితే చెమటకు వేలు మీద పచ్చ మరక పడుతది. భయపడే పని లేదు, కడిగితే పోతది. కొందరికి దురద లేస్తది, తోలు ఎర్రగైతది. అది నికెల్ అనే లోహం పడక. నా చిన్న బిడ్డకు అట్లనే. ఆమెకు గిల్టు అచ్చిరాదు, వెండి మీద పూత పోసింది కొనిచ్చిన. దాని లోపల 925 అని ముద్ర ఉంటది. ధర ఎక్కువే, కాని పూత పోయినా వెండి ధర ఉంటది, తోలుకు కూడా తిప్పలు లేదు. చేతిల పైసలు ఉంటే నేను అందరికీ అదే చెప్త.

పూత మందం మైక్రాన్ల లెక్క. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక మైక్రాన్. మనం తిప్పిన నలభై నంబరు నూలు పోగు నూరు మైక్రాన్ల మందం దాటుతది. అగ్గువ ఉంగరాల మీద పూత ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. అది తెలిస్తే దాన్ని ఎట్ల పట్టుకోవాల్నో చేతికే తెలుస్తది. కమ్మలకు రాపిడి తక్కువ, ఉంగరం పొద్దంతా రాసుకుంటది. ఒక్క దుకాణంల ఒక్కనాడు కొన్నా ఉంగరం పూతే ముందు పోతది. దుకాణపోన్ని మోసగాడని తిట్టి లాభం లేదు.

సైజు పొద్దుగూకినంక చూడండి. పని చేసి వేళ్లు ఉబ్బి ఉంటయి. పొద్దున్నే సరిపోయింది సాయంత్రానికి బిగుసుకుంటది. బంగారుది అయితే కంసలాయన కోసి అతికిస్తడు. గిల్టుదానికి ఆ వేడికి పూత నల్లబడుతది. వెనక తెరిచి ఉండే ఉంగరాలు పిల్లలకు నచ్చుతయి, కాని ఊకె వంచుతుంటే ఒకనాడు టక్కున ఇరుగుతయి.

ఇక చూసుకునే తీరు. అందరికంటె వెనక పెట్టుకోవాలె, అందరికంటె ముందు తియ్యాలె. అంటే నూనె, పౌడరు, సెంటు అన్నీ అయినంక ఉంగరం. ఇంటికి రాంగనే ముందు ఉంగరం తీసి, తర్వాత చెప్పులు. బట్టలు పిండేటప్పుడు, బోళ్లు తోమేటప్పుడు, చింతపండు పిసికేటప్పుడు వేలికి వద్దు. బ్లీచింగు నీళ్లు అయితే ఒక్కసారికే చాలు. కరోనా కాలంల గంటకోసారి చేతికి శానిటైజరు రాసి, సబ్బుతోటి రుద్ది, నా ఉంగరం రెండో పూత అప్పుడే పోయింది. అది పోయినా మంచిదే, మనం మిగిలినం.

తీసినంక పాత పంచె గుడ్డ మెత్తటిదాంతోటి చెమట తుడవాలె. మురికి పట్టిందంటే గోరువెచ్చటి నీళ్లల్ల ఒక్క చుక్క షాంపూ వేసి, అందులో గుడ్డ ముంచి పిండి తుడవాలె. రాయి వెనక మాత్రం చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తోటి. నానబెట్టవద్దు. వెంటనే ఆరబెట్టాలె. మనోళ్లు చేసే పెద్ద తప్పు ఏందంటే, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు, నిమ్మకాయ, బూడిద, పండ్ల పేస్టు పెట్టి రుద్దుతరు. మెరుస్తది. ఎందుకు మెరుస్తదంటే పైన పూత పోయి లోపలి ఇత్తడి బయటపడుతది. మా వదినె అట్ల రుద్ది, "చూడు, కొత్తదైంది" అని మురిసింది. వారానికి నల్లబడ్డది.

దాచేటప్పుడు ఒక్కో నగ ఒక్కో ప్లాస్టిక్ సంచిల, దూది పెట్టి, గాలి తీసి మూయాలె. గాజుల డబ్బాలనే అన్నీ కలిపి పెడితే ఒకదాన్నొకటి గీసుకుంటయి. గట్టి రాయి పక్క ఉంగరం పూతను గీకుతది, దాని తప్పేం లేదు.

పూత మళ్లీ పోయించుకోవచ్చు. వెండి సామాన్లకు బంగారు నీళ్లు పట్టేటోళ్లు చేస్తరు. ముందు పాత పూత, మరకలు రుద్ది తీస్తరు, అందుకని ఊకె చేయిస్తే ఉంగరమే సన్నబడుతది. గమ్ము రాళ్లు ఆ వేడి నీళ్లల్ల ఊడుతయి, అది ముందే అడగండి. నేను రెండోసారి ఇచ్చిన పైసలు ఉంగరం కొన్న ధరకు ఎన్నో రెట్లు. మా ఆయన ఉంటే తిట్టేవారు. ఉన్నప్పుడు కూడా ఈ ఉంగరం దిక్కు చూసేవారు కాదు.

ఇప్పుడు ఇదంతా రాసుడు ఎందుకంటే, మొన్న మా మనవరాలి నిశ్చితార్థం అయింది. బంగారం ధర మీకు తెలిసిందే. పిల్ల టైలరింగ్ చేస్తది, పిల్లగాడు ఒక గోదాంల లెక్కలు రాస్తడు. ఇద్దరు కలిసి, మార్చుకునే ఉంగరాలు గిల్టువే కొంటం, ఆ పైసలు కుట్టు మిషిన్‌కు పెడతం అన్నరు. నా బిడ్డ ఒప్పుకోలేదు. "వియ్యంకుల ముందు తల దించుకోవాల్నా?" అని ఏడ్చింది. మనవరాలు నా దిక్కు చూసింది. అప్పుడు ఈ చదివింపుల సంగతి నా బిడ్డకు మొదటిసారి చెప్పిన. అన్నేండ్లు దానికి తెల్వదు. విని, సప్పుడు చేయకుండ పోయి చాయ్ పెట్టింది.

నేనే పోయి వియ్యపురాలికి చెప్పిన. "అక్కా, ఉంగరాలు గిల్టువి. పిల్లలు కావాలని కొంటున్నరు. బంగారమని ఎవ్వరూ చదవొద్దు" అన్న. ఆమె కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా దిక్కు కూడా బంగారం పెట్టే తాకత్ లేకుండె అక్కా, ఎట్ల చెప్పాల్నో తెల్వక ఉన్నం" అన్నది.

దుకాణానికి మనవరాలు, నేను పోయినం. కొంగుకు నూలు పోగు ఉన్నది. నాలుగు ఉంగరాలు పోగుకు తట్టుకున్నయి, ఐదోది తట్టుకోలేదు. నాలుగు వందల యాభై. రసీదు మీద గోల్డ్ ప్లేటెడ్ అని రాయించిన. రాయించుకోండి, అడిగితే రాస్తరు. ఒకవేళ బంగారం అని ఎవరన్న అమ్మితే మాత్రం హాల్‌మార్కు చూడాలె. బీఐఎస్ గుర్తు, 22కే916 లాంటి అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు, మూడు ఉండాలె. 2023 ఏప్రిల్ నుంచి ఆ ఆరు అక్షరాలు లేకుండ హాల్‌మార్కు బంగారం అమ్మొద్దని ప్రభుత్వం పెట్టింది. బీఐఎస్ కేర్ అని ఫోన్‌ల యాప్ ఉన్నది, ఆ నంబరు కొడితే చూపిస్తది. అప్పట్ల ఇవి ఉంటే మా మేనకోడలు లోపలి దిక్కు ఒకసారి చూసి, ఉంగరం డబ్బాలనే పెట్టేది.

ఆమె కూడా నిశ్చితార్థానికి వచ్చింది. అప్పటి నిమోనియా పిల్లగాడే మోటారుసైకిల్ మీద తెచ్చిండు. చుట్టాలల్ల ఒకామె మా మనవరాలి చేయి పట్టుకొని, "రాళ్లు మంచిగున్నయి, ఎన్ని గ్రాములు?" అన్నది. "బంగారం కాదు పెద్దమ్మా, గిల్టు. నాలుగు వందల యాభై. దుకాణం చెప్పాల్నా?" అన్నది మా పిల్ల.

మేనకోడలు నా దిక్కు చూసి నవ్వింది. తర్వాత నా చేయి తీసుకొని ఉంగరం తిప్పి చూసింది. "అత్తమ్మా, ఈ పక్క పూత మళ్లీ పోతున్నది" అన్నది. సరాఫు గీటు పెట్టిన జాగనే. ఎన్నిసార్లు పోయించినా ముందు అక్కడనే పోతది. ఈసారి శ్రావణ పున్నమి రథోత్సవం అయినంక పోయిద్దామనుకుంటున్న.